పుస్తకదానం – స్నేహధర్మం

విద్యావంతుని ఇంట ధనధాన్యాలకు లోటుండవచ్చును గాని, నాలుగు పుస్తకాలకు లోటుండదు. చదువుకొన్న పాఠ్యగ్రంథాలు, పోటీలలో బహుమతిగా వచ్చినవి, పాత పుస్తకాల దుకాణంలో బేరమాడి కొన్నవి, పెద్దలనుండి సంక్రమించినవి – ఇవన్నీ ఒకదాని ప్రక్కన ఒకటి చేరి, కొంతకాలానికి అల్మారా నిండుతుంది. పుస్తకాలను ఎట్లు సేకరించవలెనో, ఎట్లు భద్రపరచవలెనో మనం తరచుగా చర్చించుకొంటాము. సేకరించిన పుస్తకాన్ని మిత్రునికి ఎప్పుడు ఇవ్వవలెను, ఏది ఇవ్వవలెను, ఎట్లు ఇవ్వవలెను అన్న విషయాన్ని అంతగా ఆలోచించము. అది ఆలోచింపదగిన విషయమేనని, అందులో మన భాషల భవిష్యత్తుకు సంబంధించిన అంశం కూడ ఇమిడి ఉన్నదని విద్యార్థి మిత్రులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పరుల చేతికి పోయిన పుస్తకం తిరిగి రాదని సంస్కృతంలో ఒక నానుడి ఉన్నది. పుస్తకం ఎరువిచ్చినవాడు అవివేకి, తీసుకొన్నదానిని తిరిగి ఇచ్చినవాడు వానికంటె అవివేకి అని అరబ్బుల చమత్కారంగా ఒక మాట ప్రచారంలో ఉన్నది. ఇట్టి మాటలు విని చాలామంది అల్మారాకు తాళం వేసుకొంటారు. కాని ఈ మాటలు రెండూ ఎరువుకు సంబంధించినవే గాని దానానికి సంబంధించినవి కావు. ఇచ్చినవాడు ఎరువు అనుకొని, పుచ్చుకొన్నవాడు కానుక అనుకొన్నచోట పుస్తకమూ పోతుంది, స్నేహమూ పోతుంది. కనుక ముందుగా మాటల అర్థాలను స్పష్టం చేసుకొనుట అవసరం.

ఎరువు, కానుక, వక్ఫ్

తెలుగులో ‘అప్పు’ వేరు, ‘ఎరువు’ వేరు. అప్పు తీసుకొన్న ధనానికి బదులుగా అంతే ధనం ఇస్తే చాలును. అదే నాణెం ఇవ్వనక్కరలేదు. ఎరువు తీసుకొన్నదానిని మాత్రం వాడుకొని, ఆ వస్తువునే తిరిగి అప్పగించవలెను. పెండ్లికి పొరుగింటినుండి తెచ్చిన నగ ఎరువు సొమ్ము. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత అందునుండి పుట్టినదే. ఉర్దూలో దీనినే ‘ఆరియత్’ అంటారు. ఎరువు తెచ్చిన పుస్తకం మన వద్ద ఉన్నంతకాలం అది అమానతు. దానిని మరొకరికి దానం చేయు హక్కు మనకు లేదు.

రెండవది కానుక. ధర్మశాస్త్ర పరిభాషలో ఇది ‘హిబా’. హిబా నెరవేరుటకు మూడు అంగాలు కావలెనని చెబుతారు. ఇచ్చుచున్నాను అని దాత తెలుపుట ఈజాబ్. పుచ్చుకొంటున్నాను అని గ్రహీత అంగీకరించుట ఖబూల్. వస్తువు అతని స్వాధీనమగుట ఖబ్జా. ఈ మూడింటిని పుస్తకానికి అన్వయించి చూస్తే ఎంతో వివేకం కనిపిస్తుంది. ‘ఈ పుస్తకం నీదే, తరువాత ఇస్తాను’ అని మాట ఇచ్చి అల్మారాలోనే ఉంచుకొంటే అది దానం కాదు. వద్దని మొగమాటంతో చెప్పలేని మిత్రుని చేతిలో బలవంతంగా పెట్టినా అది సరియైన దానం కాదు. అంగీకారంతో చేతికి చేరిన తరువాత దానిని తిరిగి అడుగుట మర్యాద కాదు.

మూడవది వక్ఫ్. వక్ఫ్ చేసిన వస్తువును అమ్మరాదు, మరొకరికి కానుకగా ఇవ్వరాదు, వారసులు పంచుకొనరాదు. దాని ప్రయోజనం మాత్రమే జనులకు చెందుతుంది. మొదట వక్ఫ్ అనగా భూములు, భవనాలు వంటి స్థిరాస్తులకే చెల్లునని హనఫీ శాస్త్రజ్ఞులలో ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఆయన శిష్యులైన ఇమామ్ ముహమ్మద్, లోకాచారంలో వక్ఫ్ చేయుట రూఢమైన చరవస్తువులకు కూడ అది చెల్లునన్నారు. ఆ త్రోవనే గ్రంథాల వక్ఫ్ కూడ ఆమోదం పొందినది. చదివేవారి అవసరం శాస్త్రనియమాన్ని సడలింపజేసిన సందర్భాలలో ఇది ఒకటి.

ఈ మూడింటిలో ఏ పుస్తకానికి ఏది తగునో తెలిసికొనుటయే వివేకం. లోకంలో ఒకే ఒక ప్రతి ఉన్న లిఖిత గ్రంథాన్ని మిత్రునికి కానుకగా ఇచ్చుట తగదు. అది సంస్థకు చెందవలసినది. వేలకొలది ప్రతులు అచ్చయిన కావ్యాన్నో నవలనో సంస్థకు అప్పగించి చేతులు దులుపుకొనుట కూడ తగదు. దానికి తగిన పాఠకుడు మన వీధిలోనే ఉండవచ్చును.

రెండు సంప్రదాయాలు – ఒకే భావన

గ్రంథాన్ని ఒకరి చేతిలో పెట్టుట మన తెలుగువారికి చిరపరిచితమైన వ్యవహారం. ప్రాచీన కవి కావ్యాన్ని అంకితమిచ్చినప్పుడు దానిని కన్యగా, స్వీకరించినవానిని కృతిపతిగా భావించేవారు. కృతినిచ్చుట అనగా కన్యను మంచి ఇంట ఇచ్చుట వంటిది. తగిన వరుని కొరకు వెదకినట్లే తగిన కృతిపతి కొరకు వెదకినారు. అచ్చతెనుగులో మొట్టమొదటి కావ్యమైన ‘యయాతి చరిత్రము’ను పొన్నిగంటి తెలగనార్యుడు గోలకొండ రాజ్యంలోని పటాన్‌చెరు పాలకుడైన అమీన్‌ఖానునకు అంకితమిచ్చినాడు. అద్దంకి గంగాధరుడు ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చినాడు. పుస్తకం చేతులు మారినప్పుడు మతం, మాతృభాష అడ్డురాలేదనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

సంతానం వలె మనిషి పేరు నిలుపగల ఏడింటిని తెలుగు కవులు సప్తసంతానాలన్నారు. చెరువు, వనం, దేవాలయం మొదలైనవానితోపాటు కృతికి కూడ అందులో స్థానం కలదు. మనిషి మరణించిన తరువాత కూడ అతనికి ఫలమిచ్చేవి మూడు అని ఇస్లామీయ సంప్రదాయం చెబుతున్నది. అవి ఎడతెగక సాగే దానం, జనులకు ఉపకరించే జ్ఞానం, అతనికై ప్రార్థించే సత్సంతానం. రెండు సంప్రదాయాలూ వేరువేరు దేశాలలో, వేరువేరు కాలాలలో పుట్టినవి. అయినను విద్యను బిడ్డతో సమానంగా లెక్కించుటలో అవి ఒకే మాట పలుకుతున్నవి. కవి కృతిని రచించి ఇస్తాడు. మనబోటివారు రచింపలేకపోయినా, రచించినవారి కృతిని తగిన చేతికి చేర్పగలము. ఆ పుణ్యంలో అది కూడ ఒక పాలు.

ఇచ్చినవారు – నిలిచినవి

నేడు మనం గొప్పగా చెప్పుకొనే గ్రంథాలయాలలో కొన్ని ఒక వ్యక్తి అల్మారానుండి మొదలైనవే. పాట్నాలో మౌల్వీ ముహమ్మద్ బఖ్ష్ తన జీవితకాలంలో సుమారు 1,400 లిఖిత గ్రంథాలను కూడబెట్టి, 1876లో మరణించే సమయంలో వానిని ప్రజల గ్రంథాలయంగా చేయవలసినదని కుమారుడు ఖుదాబఖ్ష్‌ను కోరారు. ఆ కుమారుడు వానిని సుమారు 4,000కు పెంచి 1891లో ప్రజలకు అంకితం చేశారు. 1969లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. అదే 1891లో హైదరాబాదులో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ పూనికతో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడినది. అఫ్జల్‌గంజ్‌లోని నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే. పది సంవత్సరాల తరువాత, 1901 సెప్టెంబరు 1న, కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయం వెలసినది. అది తొలుత నడిచినది రావిచెట్టు రంగారావు గారి ఇంటిలోనే. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో తెలుగు పుస్తకానికి ఒక గృహస్థు తన ఇంట చోటిచ్చిన సంగతి మనం మరువరానిది.

1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను ఇంటింటి తాళపత్రాలను సేకరించి, పండితులచేత పాఠాలను సరిచూపించి, 1829లో వేమన పద్యాలను అచ్చువేయించారు. తాను కూడబెట్టిన రెండు వేలకు పైగా వ్రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చివేశారు. అవి తరువాత మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరినవి. ఇక్కడ గమనింపవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. బ్రౌనుకు ఒకే కావ్యానికి అనేక ప్రతులు దొరికినవి. అవి ఎందుకు దొరికినవి? గురువు శిష్యునికి, మిత్రుడు మిత్రునికి ప్రతి వ్రాసి ఇచ్చుట వల్లనే ఒక కావ్యం పలు ఊళ్లకు వ్యాపించినది. ఒక ఇంట చెదలు తిన్నా మరొక ఇంట నిలిచినది.

ఒకేచోట పేర్చిన పుస్తకాలకు ఎంతటి ఆపద కలదో ఇటీవలి చరిత్ర కూడ చూపినది. 2000 ఆగస్టులో హైదరాబాదులో వచ్చిన వరదలకు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం నీట మునిగినది. అక్కడ భద్రపరచిన అరుదైన ఉర్దూ గ్రంథాలు, పత్రికలు ఎన్నో తడిసిపోయినవి. సంస్థలు అవసరమే, వానికి తోడుగా వందల ఇండ్లలో పుస్తకాలు వ్యాపించి ఉండుట కూడ అవసరమే. మిత్రునికి ఇచ్చిన పుస్తకం ఆ విధంగా ఒక రక్షణ.

నేటి మన ఇండ్లలో

ఇక అసలు బాధాకరమైన విషయానికి వస్తాము. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు మాధ్యమాల విద్యార్థులు ఒకే ప్రాంగణంలో తిరుగుతున్నారు. వారి ఇండ్లలో తాతల నాటి పెట్టెలు తెరిస్తే ఫార్సీ కావ్యాలు, ఉర్దూ పత్రికల సంపుటాలు, తెలుగు ప్రబంధాలు, శతకాలు కనిపిస్తవి. ఆ ఇంటి పిల్లలు ఆంగ్ల మాధ్యమంలో చదివి ఆ లిపులకు దూరమైనారు. చదువలేని పుస్తకం పవిత్రంగా తోచినన్నాళ్లు పెట్టెలో ఉంటుంది. ఇల్లు మారినప్పుడో, భాగాలు పంచుకొన్నప్పుడో రద్దీవాని త్రాసుకెక్కుతుంది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటుపై పరచిన పాత పుస్తకాలను తిరగవేసి చూడండి. మొదటి పుటలో ఎవరో ఎవరికో ప్రేమతో వ్రాసి ఇచ్చిన సంతకాలు కనిపిస్తవి. అక్కడికి చేరిన పుస్తకం అదృష్టవంతురాలు. ఎవడో ఒక పాఠకుడు కొంటాడు. త్రాసుకెక్కి కాగితపు మిల్లుకు పోయిన పుస్తకం మాట ఏమి?

దీనికి కారణం వారసుల దుర్మార్గం కాదు. చదువగలవాడెవడో వారికి తెలియదు. ఆ సంగతి తెలిసినవాడు పుస్తకం యజమాని ఒక్కడే. అతడు బ్రతికి ఉండగా ఆ పని చేయకపోతే అతని తరువాత ఎవరూ చేయలేరు. కనుక పుస్తకదానం ముసలితనంలో అల్మారా ఖాళీ చేసుకొనే పని కాదు. చదువగల మిత్రుడు ఉండగా, ఇవ్వగల చేయి ఉండగా చేయవలసిన పని.

మా అనుభవం ఒకటి ఇక్కడ చెప్పుట అప్రస్తుతం కాదు. మా తాతగారి పుస్తకాలలో సాదీ ‘గులిస్తాన్’ ప్రతి ఒకటి ఉండేది. 1258లో రచితమైన ఆ గ్రంథం మన దేశపు మక్తబులలో తరతరాలు ఫార్సీ వాచకంగా చెల్లినది. మాకు ఉర్దూ వచ్చును గాని ఫార్సీ రాదు. ఆ ప్రతిని ఫార్సీ చదువుకొన్న ఒక సహాధ్యాపక మిత్రునికి ఇచ్చినాము. కొన్ని నెలల తరువాత ఆయన మా ఇంటికి వచ్చి, పుటల అంచులలో తాతగారు సన్నని అక్షరాలతో వ్రాసుకొన్న పదాల అర్థాలను, ప్రతి అధ్యాయం చివర తనతో కలిసి ఆ భాగాన్ని చదివిన స్నేహితుల పేర్లను మాకు చదివి వినిపించారు. మా ఇంట ఎన్నో ఏండ్లు ఉన్న పుస్తకంలో ఏమున్నదో, అది మా ఇల్లు దాటిన తరువాతనే మాకు తెలిసినది. అదే విధంగా మా బల్లపై నిత్యం ఉండే ‘శబ్దరత్నాకరం’ ఒక వృద్ధ తెలుగు పండితులు మాకు ఇచ్చినది. బహుజనపల్లి సీతారామాచార్యుల ఆ నిఘంటువు తొలుత వెలువడినది 1885లో. తమ బిడ్డలలో ఎవరూ తెలుగు సాహిత్యం వైపు రాలేదని, పదాన్ని వెదికేవాని వద్ద నిఘంటువు ఉండవలెనని చెప్పి ఆయన మా చేతికిచ్చారు. ఒక ఫార్సీ గ్రంథం మా ఇంటినుండి పోయినది. ఒక తెలుగు నిఘంటువు మా ఇంటికి వచ్చినది. రెండూ చేరవలసిన చోటికే చేరినవి.

ఎవరికి, ఏది, ఎట్లు?

గ్రంథాలయశాస్త్ర పితామహుడైన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలను ప్రతిపాదించారు. పుస్తకాలు ఉపయోగించుటకే ఉన్నవని, ప్రతి పాఠకునికి అతని పుస్తకం దొరకవలెనని, ప్రతి పుస్తకానికి దాని పాఠకుడు దొరకవలెనని అందులో మొదటి మూడింటి సారాంశం. పెద్ద గ్రంథాలయం కొరకు చెప్పిన ఈ సూత్రాలు నాలుగరల అల్మారాకు కూడ వర్తిస్తవి. గ్రంథపాలకుడు ముక్కు మొగం తెలియనివారికి పుస్తకం అందిస్తాడు. మనకు మిత్రుని అభిరుచి తెలుసు, కష్టం తెలుసు, చదువు తెలుసు. ఈ విషయంలో గ్రంథపాలకునికి లేని సౌకర్యం మనకున్నది.

ఈ విషయంలో పాటింపదగిన కొన్ని నియమాలను సూచిస్తున్నాము. మొదటిది – మనం చదివిన పుస్తకాన్నే ఇవ్వవలెను. చదివినవాడే అది ఎవరికి పనికివచ్చునో చెప్పగలడు. రెండవది – మనకు పనికిరానిదానిని వదిలించుకొనుటకు దానమని పేరు పెట్టరాదు. చినిగిన అట్ట, పుటలు లోపించిన ప్రతి, నాలుగు సంపుటాలలో రెండవది మాత్రమే – ఇవి కానుకలు కావు. మనకు ఇష్టమైనది ఇచ్చినప్పుడే అది కానుక. మూడవది – మొదటి పుటలో తీసుకొనేవారి పేరు, ఇచ్చేవారి పేరు, ఊరు, తేదీ సిరాతో స్పష్టంగా వ్రాయవలెను. అట్లు వ్రాయుట వల్ల అది ఎరువు కాదు, కానుక అని తేలిపోతుంది. తరువాతి కాలంలో ఆ ప్రతి చరిత్ర కూడ తెలుస్తుంది. నాలుగవది – ఇచ్చిన తరువాత ‘చదివినావా?’ అని పదేపదే అడుగరాదు. అది పరీక్షగా మారితే కానుకలోని తీపి పోతుంది. ఐదవది – తనకు అక్కర తీరిన తరువాత మరొకరికి ఇవ్వవచ్చునని మిత్రునికి ముందే చెప్పవలెను. లేనిచో మొగమాటంతో అతడు కూడ తాళం వేసి ఉంచుతాడు. ఆరవది – తల్లిదండ్రులు చేవ్రాలు చేసిన ప్రతులు, అరుదైన వ్రాతప్రతులు ఉంటే కుటుంబసభ్యులను సంప్రదించి, భద్రపరచగల సంస్థను ముందుగా అడిగి, వారు అంగీకరించిన తరువాతనే ఇవ్వవలెను. అడుగకుండ మూటలు తీసుకుపోయి దింపితే చోటు లేని గ్రంథాలయంలో ఆ మూటలు మూటలుగానే మిగులుతవి. ఖబూల్ అను నియమం సంస్థలకు కూడ వర్తించునని గ్రహింపవలెను.

కొన్ని శంకలు

‘మరల అవసరమైతే ఏమి చేయవలెను?’ అని కొందరు శంకిస్తారు. మిత్రుని ఇంటికి పోయి చూచుకొనవచ్చును. ఆ మిషతో నాలుగు మాటలు కలుస్తవి. ఉపాధ్యాయునికి, పరిశోధకునికి నిత్యం అవసరమైన నిఘంటువులు, ఆకరగ్రంథాలు ఎవరూ ఇవ్వమని కోరరు; కోరరాదు కూడ. అక్కర లేనిదానిని అల్మారాలో కట్టిపెట్టుట గురించియే ఇక్కడి ప్రసంగం.

‘నేడు పాత గ్రంథాలన్నీ ఫోను తెరపైనే లభిస్తున్నవి గదా, అచ్చు ప్రతిని ఇచ్చుట ఎందుకు?’ అని మరికొందరు అంటారు. ఎన్నో పాత తెలుగు, ఉర్దూ పుస్తకాలు ఛాయాప్రతులుగా లభించుట సంతోషకరమే. పరిశోధకులకు అది మహోపకారం. కాని తెరపై లక్ష పుస్తకాలున్నప్పుడు ఏది తెరువవలెనో విద్యార్థికి తెలియదు. ‘ఇది నీకు’ అని ఒక పెద్ద చేతిలో పెట్టిన ఒక్క పుస్తకం ఆ ఎంపికను చేసి పెడుతుంది. పుస్తకంతోపాటు ఇచ్చినవాని విశ్వాసం కూడ చేతికి చేరుతుంది. అది ఛాయాప్రతిలో రాదు.

‘మిత్రుడు చదువకపోతే?’ అన్నది చివరి శంక. చదువకపోవచ్చును. అతని కుమార్తె చదువవచ్చును. ఆమె తోడివారెవరైనా చదువవచ్చును. నాటినవాడు ప్రతి చెట్టు నీడలోనూ కూర్చొనలేడు గదా! మన అల్మారాలో చదువబడకుండ ఉండుట నిశ్చయం. మరొక చోట చదువబడుట సంభవం. నిశ్చయమైన నష్టం కంటె సంభవమైన లాభం మేలు.

విద్యార్థులకు

విద్యార్థి మిత్రులారా! మీ వద్ద అల్మారాలు లేకపోవచ్చును. అయినను గత సంవత్సరపు వాచకం, వ్యాకరణం, పోటీలో గెలిచిన కథల పుస్తకం తప్పక ఉంటవి. క్రింది తరగతిలో పుస్తకం కొనలేని తోటివిద్యార్థి ఎవడో మీకు తెలిసినంతగా అధ్యాపకులమైన మాకు తెలియదు. అతనిని నలుగురిలో పిలిచి ఇవ్వకండి. స్నేహంగా, ఏకాంతంగా ఇవ్వండి. సెలవులలో ఇంటికి పోయినప్పుడు తాతగారి పెట్టె తెరవండి. దుమ్ము దులిపి, ఒక్కొక్క పుస్తకం పేరు, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం ఒక నోటుబుక్కులో వ్రాయండి. మీకు రాని లిపి అయితే వచ్చిన మిత్రుని తీసుకుపోండి. ఉర్దూ చదివేవాడు తెలుగు ఇంటికి, తెలుగు చదివేవాడు ఉర్దూ ఇంటికి పోయి ఈ పని చేయుటకు మన కళాశాల కంటె అనువైన చోటు మరొకటి లేదు. ఆ పెట్టెలోని పుస్తకాలలో మీరు చదువదలచినవి ఉంచుకొని, మిగిలినవి పెద్దల అనుమతితో చదివేవారికి చేర్చండి.

భాషను కాపాడవలెనని సభలలో ఉపన్యసించుట సులభం. ఆ భాషలోని ఒక పుస్తకాన్ని, దానిని చదువగల ఒక మనిషి చేతిలో పెట్టుట అంతకంటె చిన్న పని. అంతకంటె ఫలవంతమైన పని. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా ప్రతి విద్యార్థి కనీసం ఒక పుస్తకాన్ని ఈ విధంగా చేరవలసిన చేతికి చేర్చగలడని ఆశిస్తున్నాము.